డెబ్బై ఏళ్లు దాటాక మొదటి నవల

హైదరాబాద్ నాంపల్లిలోని దర్గా యూసుఫైన్‌కి మనలో చాలామంది వెళ్లే ఉంటారు. జుమేరాత్ సాయంత్రం పూల చాదర్లు, అగర్‌బత్తీల పొగ, మన్నతు మొక్కుకునే తల్లుల రద్దీ. హజ్రత్‌లిద్దరి మజార్ల దగ్గర ఫాతిహా చదివి, దువా చేసుకుని, చెప్పులు వెతుక్కుని వచ్చేస్తాం. ఆ అహాతాలోనే ఒక షాయర్ ఖబర్ ఉంది. నవాబ్ మీర్జా ఖాన్ దాగ్ దెహ్లవీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి షాయరీలో ఉస్తాద్. 1905లో ఇక్కడే ఇంతిఖాల్ అయ్యారు. ఢిల్లీలో పుట్టిన మనిషికి దక్కన్ మట్టి రాసిపెట్టి ఉంది.

దాగ్ పేరు విన్నవాళ్లు దొరుకుతారు. ఆయన గజళ్లు పాడిన గాయకుల పేర్లు చెప్పేవాళ్లూ దొరుకుతారు. దాగ్ వాళ్ల అమ్మ పేరేమిటని అడగండి. నూటికి ఒక్కరు కూడా చెప్పలేరు. ఆమె పేరు వజీర్ ఖానమ్.

ఆమె జిందగీ ఒక ఖిస్సాకి చాలదు. దాగ్ అబ్బా నవాబ్ షమ్సుద్దీన్ అహ్మద్ ఖాన్, ఫిరోజ్‌పూర్ ఝిర్కా నవాబు. 1835 మార్చిలో ఢిల్లీలో కంపెనీ సర్కారు పెద్ద అధికారి విలియం ఫ్రేజర్‌ని కాల్చి చంపారు. ఆ ఖత్ల్ వెనక ఉన్నది నవాబేనని తేల్చి అదే ఏడాది అక్టోబరులో ఆయన్ని ఉరి తీశారు. అప్పటికి దాగ్ వయసు నాలుగేళ్లు. తర్వాత చాన్నాళ్లకు వజీర్ ఖానమ్ బహదూర్ షా జఫర్ కొడుకు మీర్జా ఫఖ్రూని నికాహ్ చేసుకుని లాల్ ఖిలాలో అడుగుపెట్టింది. కొడుకు దాగ్ కూడా అమ్మ వెంట ఖిలాలోకి వచ్చి, జౌఖ్ దగ్గర షాగిర్దు అయ్యాడు. 1856లో మీర్జా ఫఖ్రూ పోయారు. ఖిలా తలుపులు ఆమెకు మూతపడ్డాయి. మరుసటి ఏడాదే గదర్ వచ్చి ఆ ఖిలానే ఉజాడ్ చేసింది.

తారీఖ్ పుస్తకాల్లో ఈ ఔరత్ గురించి ఉన్నది ఎక్కువగా ఒక షాయర్ తల్లిగా, ఒక నవాబు దగ్గరి మనిషిగా మాత్రమే. ఆమె ఏం తినేది, ఏ రంగు దుపట్టా వేసుకునేది, రాత్రిళ్లు ఏం ఆలోచించేది, ఎవరికీ పట్టలేదు. నూట యాభై ఏళ్ల తర్వాత ఒక పెద్దాయనకు పట్టింది. ఆయన రాసిన ఉర్దూ నవలే 'కయీ చాంద్ థే సరే ఆస్మాఁ'. 2006లో వచ్చింది. ఎనిమిది వందల పేజీలు దాటిన కితాబ్. రాసింది షమ్సుర్ రహ్మాన్ ఫారూఖీ. అది ఆయన మొదటి నవల. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది.

ఈ మాట నాకు చాలా రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. ఎందుకంటే మన ఇళ్లలో ఎందరో "నాకూ ఒక నవల రాయాలని ఉంది భయ్యా" అంటూ ఉంటారు. అనేసి ఊరుకుంటారు. అడిగితే నాలుగు షక్‌లు చెబుతారు. ఎవరి కోసం రాయాలి? అంత పెద్దది పూర్తవుతుందా? మనవాళ్లు ఏమనుకుంటారు? ఇప్పటికే ఉమర్ అయిపోలేదా? ఈ నాలుగూ కొత్తవి కావు. మనకంటే ముందు రాసినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోదాన్ని దాటుకుని వచ్చారు. వాళ్లకు హైదరాబాద్‌తో ఏదో ఒక తాల్లుక్ ఉండటం మనకు ఇంకా బాగుంటుంది.

మొదట డిప్యూటీ నజీర్ అహ్మద్. బిజ్నౌర్ జిల్లా నుంచి చదువు కోసం ఢిల్లీ వచ్చిన గరీబు పిల్లాడు. ఔరంగాబాదీ మస్జిద్‌లో చదువుకుంటూ, ఇంటింటికీ తిరిగి రొట్టెలు అడుక్కొచ్చేవాడు. మౌల్వీ సాహెబ్ ఇంట్లో మసాలా నూరేవాడు. ఆ ఇంటి చిన్నపిల్ల నూరడం ఆగితే చేతి మీద కొట్టేదట. పెద్దయ్యాక ఆ పిల్లనే ఆయన నికాహ్ చేసుకున్నారు. తర్వాత ఢిల్లీ కాలేజీలో చదివి, ఇండియన్ పీనల్ కోడ్‌ని 'తాజీరాతె హింద్' పేరుతో ఉర్దూలోకి తెచ్చినవాళ్లలో ఒకరై, డిప్యూటీ కలెక్టర్ అయ్యారు.

ఆయన ఇంట్లో ఆడపిల్లలున్నారు. వాళ్ల చేతికి ఇవ్వదగిన కితాబు ఉర్దూలో ఆయనకు దొరకలేదు. దీనీ కితాబులు ఉన్నాయి, దాస్తాన్లు ఉన్నాయి. ఇల్లు, అత్తగారు, పనిమనిషి, జమా ఖర్చు, వీటి గురించి ఆడవాళ్లు మాట్లాడుకునే భాషలో ఏమీ లేదు. అందుకని తనే రాయడం మొదలుపెట్టారు. పెద్ద కూతురికి ఒక కితాబు, కొడుకు బషీర్‌కి ఒకటి, కొంచెం కొంచెం రాసి ఇచ్చేవారు. పెద్ద కూతురికి రాసిందే 'మిరాతుల్ ఉరూస్'. అక్బరీ, అస్గరీ అనే ఇద్దరు అక్కచెల్లెళ్ల ఖిస్సా. పిల్లలు అయిపోగానే ఇంకా కావాలని అడిగేవారు. మొహల్లాలో ఔరతులు కూడా చదివించుకుని వినేవారు.

చదువుల శాఖ పెద్ద అధికారి కెంప్సన్ ఆ ఊళ్లకు దౌరాకి వచ్చినప్పుడు చిన్న బషీర్‌ని ఏం చదువుతున్నావని అడిగాడని, పిల్లాడు మా అబ్బా రాసిన కితాబులని చూపించాడని చెబుతారు. ఆ విధంగా అది 1869లో అచ్చయింది. సర్కారు వెయ్యి రూపాయల ఇనామ్ ఇచ్చింది. రెండు వేల ప్రతులు కొన్నది. గవర్నర్ విలియం మ్యూర్ తన తరఫున గడియారం బహూకరించాడు. ఈ రోజు ఉర్దూ తొలి నవల ఏదంటే ఎక్కువమంది చెప్పే పేరు అదే.

నవల రాయాలని కూర్చుని ఆయన ఆ కితాబ్ రాయలేదు. తన ఇంట్లో ఒక ఆడపిల్ల చదవాలని రాశారు. ఎవరి కోసం అన్న షక్ ఆయనకు రాలేదు. చదివే మనిషి పక్క గదిలోనే ఉంది మరి. దాని కమ్‌జోరీ కూడా అక్కడి నుంచే వచ్చింది. అస్గరీ మరీ మంచిది, అక్బరీ మరీ చెడ్డది. నసీహత్ చేసే తండ్రి చెయ్యి కథ భుజం మీద నుంచి లేవదు. అయినా ఆ ఇంటి మాట, ఆ విసుర్లు, ఆ సామెతలు ఇప్పటికీ ప్రాణంతో ఉన్నాయి. నసీహత్ పాతబడింది గానీ జుబాన్ పాతబడలేదు.

1877లో సాలార్ జంగ్ పిలిస్తే నజీర్ అహ్మద్ హైదరాబాద్ వచ్చి కొన్నేళ్లు రెవెన్యూలో పెద్ద ఉద్యోగం చేశారు. మనవాళ్లు ఏమనుకుంటారు అన్న షక్ కూడా ఆయన దగ్గరే తీర్చుకోవాలి. ఆయన ఇంకో నవల 'తౌబతున్నసూహ్'లో నసూహ్ అనే తండ్రి, కొడుకు కలీమ్ దగ్గరున్న షాయరీ కితాబులు చెడగొడతాయని వాటిని తగలబెట్టిస్తాడు. రాసినాయన ఆ తండ్రినే సమర్థించాడా, ఆ కొడుకు మీద లోపల ముహబ్బత్ దాచుకున్నాడా అని ఇప్పటికీ బహస్ నడుస్తుంది. చాలా ఏళ్లు గడిచాక, బుఢాపాలో ఆయన 'ఉమ్మహాతుల్ ఉమ్మా' అనే కితాబు రాశారు. అందులోని భాష బేఅదబీగా ఉందని పెద్ద గొడవ అయ్యి, ఆ ప్రతుల్ని తగలబెట్టారు. కథలో కితాబులకు నిప్పు పెట్టించిన మనిషి తన కితాబు కాలడం బతికుండగానే చూశారు. 1912లో పోయారు. ఆ గొడవలో ఎవరిది ఎంత తప్పో ఇక్కడ తేల్చబోవడం లేదు. రాసేవాడికి సొంత ఖౌమ్ నుంచి వచ్చే దెబ్బ అన్నిటికంటే ఎక్కువ నొప్పి. ఆ ఖౌఫ్ ఈ రోజుది కాదు. అయినా మిరాతుల్ ఉరూస్‌ని ఎవరూ కాల్చలేకపోయారు. అది అప్పటికే ఇళ్లలోకి చేరిపోయింది.

అంత పెద్దది పూర్తవుతుందా అన్న షక్‌కి జవాబు పండిత్ రతన్ నాథ్ సర్షార్. లఖ్‌నవూలో స్థిరపడిన కశ్మీరీ పండిత్ ఖాన్‌దాన్. ఆయన ఉర్దూ విన్నవాళ్లకు ఆయన హిందువని గుర్తుండేది కాదు. లఖ్‌నవూ మొహర్రం, ఈద్, ముషాయరా, బటేర్ల పందేలు, నవాబుల నఖ్రాలు, బేగమాత్ మాటలు, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మున్షీ నవల్ కిశోర్ నడిపే 'అవధ్ అఖ్‌బార్'కి ఎడిటర్ అయ్యి, 1878లో 'ఫసానయె ఆజాద్' సీరియల్‌గా మొదలుపెట్టారు.

ప్లాన్ ఏమీ లేదు. పేపర్‌కి ఎంత కావాలో అంత రాసి ఇచ్చేవారు. రాసింది తిరిగి చూసుకోరని పేరు. ఆజాద్ అనే షోఖీ మనిషి ఊరంతా తిరుగుతాడు. హుస్న్ ఆరా అనే అమ్మాయి, నన్ను నికాహ్ చేసుకోవాలంటే తుర్కుల తరఫున రూసులతో యుద్ధం చేసి రా అంటుంది. అప్పుడు నిజంగానే రూస్, తుర్కీల మధ్య జంగ్ జరిగి కొన్నాళ్లే అయింది, పేపర్ల నిండా అవే ఖబర్లు. ఆజాద్ వెంట ఖోజీ. పొట్టివాడు, అఫీము తినేవాడు, చేతిలో లేని కరౌలీ కత్తి పేరు చెప్పి లోకాన్ని బెదిరించేవాడు. చదివేవాళ్లు ఆజాద్‌ని మర్చిపోయి ఖోజీ కోసం పేపర్ కొనేంత మషూర్ అయ్యాడు. 1880లో కితాబుగా తెచ్చేసరికి నాలుగు జిల్దులు, మూడు వేల పేజీలు దాటింది. తర్వాత ప్రేమ్‌చంద్ దాన్ని హిందీలో 'ఆజాద్ కథా' పేరుతో తగ్గించి రాశారు.

ఆ మూడు వేల పేజీల్లో చెప్పిందే చెప్పడం ఉంది. దారి తప్పడం ఉంది. ఒక చోట మొదలైన తీగ ఇంకో చోట తెగిపోతుంది. కానీ పాత లఖ్‌నవూ గలీలో ఎవరు ఎలా మాట్లాడేవారో తెలుసుకోవాలంటే ఈ రోజుకీ ఆ కితాబు దగ్గరికే వెళ్తారు. ముందే మొత్తం నక్షా గీసుకుని, ఒక్క ఇటుక తప్పినా ఒప్పుకోనని కూర్చునుంటే సర్షార్ ముప్పై పేజీలు కూడా రాసేవారు కారేమో. రోజుకి ఇంత అని పెట్టుకున్నారు, రేపు పేపర్‌కి ఇవ్వాలి కాబట్టి రాశారు. ఆఖరి సంవత్సరాల్లో ఆయన కూడా హైదరాబాద్ వచ్చారు. మహారాజా కిషన్ పర్షాద్ ఆదరించారు. 'దబ్‌దబయె ఆసఫీ' పత్రిక చూసుకున్నారు. తాగుడు ఆయన్ని తినేసింది. లఖ్‌నవూని అంతగా రాసిన మనిషి ఈ ఊళ్లోనే కన్ను మూశారు.

ఇక ఉమర్ అయిపోలేదా అన్న నాలుగో షక్. ఫారూఖీ సాహెబ్ దగ్గరికి తిరిగి వద్దాం.

1935లో పుట్టారు. ఉద్యోగం పోస్టల్ సర్వీసులో. 1994లో రిటైర్ అయ్యేదాకా ఊళ్లు మారుతూ పెద్ద పదవులు చేశారు. మరో పక్క ఇలాహాబాద్ నుంచి 1966లో 'షబ్‌ఖూన్' రిసాలా మొదలుపెట్టి దాదాపు నలభై ఏళ్లు నడిపారు. ఉర్దూలో కొత్తగా రాసేవాళ్లకు అది ఒక దర్వాజా. మీర్ తఖీ మీర్ మీద నాలుగు జిల్దుల 'షేరె షోర్ అంగేజ్' రాసి 1996లో సరస్వతీ సమ్మాన్ అందుకున్నారు. దాస్తానె అమీర్ హమ్జా నలభై ఆరు జిల్దులనూ వెతికి వెతికి పోగుచేసి, చదివి, వాటి మీద కితాబులు రాశారు. ఆ జిల్దుల్ని అచ్చు వేసింది కూడా సర్షార్‌కి ఉద్యోగమిచ్చిన నవల్ కిశోర్ ప్రెస్సే.

అంటే ఆయన ఒక నఖ్ఖాద్. ఇతరుల రాతల్లో తప్పొప్పులు చూసే మనిషి. పైగా, షాయరీ ముందు అఫ్సానా చిన్న సింఫ్ అని వాదించి కథకుల కోపానికి గురైనవారు. అలాంటి మనిషి కథ రాస్తే లోకం ఊరుకుంటుందా? ఆ బెరుకు ఆయనకూ ఉందనుకుంటాను. మొదట రాసిన కథల్లో కొన్ని సొంత రిసాలాలోనే మారుపేర్లతో వేసుకున్నారు. చదివినవాళ్లు ఎవరీ కొత్త రచయిత అని అడిగారు. 2001లో 'సవార్ ఔర్ దూస్‌రే అఫ్సానే' సంపుటి సొంత పేరుతో వచ్చింది. గాలిబ్, మీర్ కాలపు మనుషుల కథలవి. ఆ హిమ్మత్‌తోనే పెద్ద నవలకు దిగారు.

నవల వజీర్ ఖానమ్ ఒక్కదాని కథే కాదు. ఆమె ముత్తాతల దగ్గరికి, రాజస్థాన్ కిషన్‌గఢ్‌లో బొమ్మలు వేసే ఒక ముసవ్విర్ దగ్గరికి వెనక్కి వెళ్తుంది. అక్కడి నుంచి కశ్మీర్ వెళ్తుంది, కాలీన్లకు నక్షాలు గీసే ఉస్తాదుల దగ్గర ఆగుతుంది, తరతరాలు దాటి ఢిల్లీ చేరుతుంది. ఫ్రేజర్ ఖత్ల్, నవాబ్ ఉరి, లాల్ ఖిలా, అన్నీ వస్తాయి. 1856లో వజీర్ ఖానమ్ ఖిలా వదిలి వెళ్లడంతో ముగుస్తుంది. గదర్ దాకా పోదు. ఆ తుఫాను వస్తుందని మనకు తెలుసు, ఆమెకు తెలీదు. ఆ ఖామోషీ దగ్గర కితాబు మూసేస్తాం.

రాసేటప్పుడు ఆయన పెట్టుకున్న ఒక షర్తు నాకు బాగా నచ్చింది. ఆ కాలంలో వాడుకలో లేని మాట ఆ కాలపు మనుషుల నోట రాకూడదని. లుగత్‌లు ముందేసుకుని ఒక్కో లఫ్జ్ పుట్టిన తేదీ చూసుకున్నారు. బట్టల పేర్లు, నగల పేర్లు, తుపాకుల పేర్లు, వంటల పేర్లు, పాలకీల రకాలు, ఏదీ ఉజ్జాయింపుగా రాయలేదు. నలభై ఏళ్లు లుగత్‌లు, దాస్తాన్లు, పాత దీవాన్లు చదివిన మనిషికి తప్ప ఇంకొకరికి సాధ్యం కాదు. ముప్పై ఏళ్ల వయసులో ఇదే నవల రాసుంటే ఇలా వచ్చేది కాదు. ఆలస్యం అని మనం అనుకున్న కాలమంతా ఆయనకు సామాన్లు సర్దుకున్న కాలం. తర్వాత తనే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు, 2013లో వచ్చింది. 2020 డిసెంబరు 25న ఇంతిఖాల్ అయ్యారు.

ఇప్పుడు మన ఇంటి మాట.

తెలుగులో ముస్లిం జిందగీ రాయడం కొత్త కాదు. 1998లో 'జల్‌జలా' కవితలు వచ్చాయి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', స్కైబాబ తెచ్చిన 'వతన్' కథల సంకలనం వచ్చాయి. సలీం 'వెండి మేఘం' నవల వచ్చింది. అయినా లెక్క వేసుకుంటే కవితలు ఎక్కువ, కథలు ఫర్వాలేదు, పెద్ద నవలలు మాత్రం వేళ్ల మీదే. కారణం తెలియనిది కాదు. కవిత ఒక రాత్రిలో వస్తుంది. కథ ఒక వారం సెలవు అడుగుతుంది. నవల సంవత్సరాలు అడుగుతుంది. మెకానిక్ షెడ్డులో, టైలర్ దుకాణంలో, బడి ఉద్యోగంలో సంవత్సరాలు ఎక్కడి నుంచి తేవాలి?

నా దగ్గరా ఒక నోట్‌బుక్ ఉంది. మా నానీ ఇంటి ఖిస్సా. నూట నలభై పేజీలు అయ్యాక ఆగిపోయింది. చదివిన ఒక దోస్త్, "ఈ ఉర్దూ మాటలు ఎవరికి అర్థమవుతాయి, ప్రతిదానికీ బ్రాకెట్లో తెలుగు పెట్టు" అన్నాడు. దగ్గరి చుట్టం ఒకరు, "ఇంట్లో సంగతులు బజార్లో పెడతావా" అన్నారు. ఇద్దరూ నా మేలు కోరినవాళ్లే. ఆ రెండు మాటల మధ్య నోట్‌బుక్ మూతపడి మూడు రంజాన్లు గడిచాయి.

బ్రాకెట్ల గురించి మాత్రం ఫారూఖీ సాహెబ్ కితాబు నాకు హోసలా ఇచ్చింది. మా నానీ 'జానమాజ్ మడతపెట్టు' అనేది. 'దస్తర్‌ఖాన్ వేయి' అనేది. అదే నోటితో 'నీళ్లు తోడు, కట్టెలు చాలవు' అనేది. ఒక్క జుమ్లాలో రెండు జుబాన్లు. ఆమెకు ఎప్పుడూ బ్రాకెట్ అవసరం రాలేదు. పక్కింటి లక్ష్మమ్మత్తకీ రాలేదు, ఆమె కూడా ఈద్ రోజు 'షీర్ ఖుర్మా పంపు వదినా' అనే అడిగేది. ఆ జుబాన్‌ని శుభ్రం చేసి రాస్తే అది మా నానీ కాదు, ఇంకెవరో. దాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోవడానికి మన దగ్గర ఎక్కువ టైమ్ లేదు. ఢిల్లీ మాటలు లుగత్‌లలో ఉన్నాయి కాబట్టి ఫారూఖీ సాహెబ్‌కి నూట యాభై ఏళ్ల తర్వాత కూడా దొరికాయి. గుంటూరు, నల్గొండ, కడప, కర్నూలు ఇళ్లలో మన నానీలు, దాదీలు మాట్లాడిన ఆ కలగలుపు మాటలకు లుగత్ ఎక్కడుంది? ఒక్కో బుజుర్గ్ పోయినప్పుడల్లా ఒక లుగత్ ఖబర్‌లోకి పోతోంది.

ఇంటి సంగతుల గురించి నాకు ఇంకా పూర్తి జవాబు దొరకలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? నజీర్ అహ్మద్‌కి జరిగింది చదివితే భయం ఎక్కువే అవుతుంది. అయితే వజీర్ ఖానమ్ గురించి కూడా ఆమె ఖాన్‌దాన్ వాళ్లు ఖామోష్‌గానే ఉండి ఉంటారు, పరువు అనుకుని. ఆ ఖామోషీలో ఒక పూర్తి మనిషి మాయమైపోయింది. ఆమెను బయటికి తెచ్చిన నవల ఆమె పరువు తీయలేదు, పెంచింది. అదబ్‌తో, ముహబ్బత్‌తో రాస్తే ఇంటి సంగతి ఇంటికే ఇజ్జత్ తెస్తుందని నా ఉమ్మీద్. తప్పయితే అల్లా మాఫ్ చేయాలి.

మీ ఇంట్లో ఎవరికైనా రాయాలని ఉంటే నవ్వకండి. చదువు లేని అమ్మీజాన్ అయితే ఆమె చెబుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేయండి. రిటైరైన అబ్బా అయితే ఒక మంచి నోట్‌బుక్ కొనివ్వండి. అమ్మాయి అయితే, ఇంటి పనిలోంచి రోజుకో గంట ఆమెకు వదిలేయండి. అది ఎవరో కాజేసిన గంట కాదు, ఆమె హక్కు. ఈసారి యూసుఫైన్ వెళ్లినప్పుడు దాగ్ ఖబర్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆయనకు ఫాతిహా చదవండి. చదివేటప్పుడు వజీర్ ఖానమ్ పేరు కూడా కలుపుకోండి.

మొన్న ఫజర్ తర్వాత నోట్‌బుక్ తీశాను. నూట నలభై ఒకటో పేజీ. 'జానమాజ్' పక్కన పెట్టిన బ్రాకెట్ కొట్టేశాను. ఇంకా రెండు లైన్లు రాశాను. ఈ రోజుకి అంతే.